ముప్ఫై ఏళ్ళు దాటినా మారియో కార్ట్ ఎందుకు పాతబడలేదు? మా ఇంట్లో దొరికిన జవాబు

ఈ ఎపిసోడ్‌లో కొత్త ఫోన్ లేదు, కొత్త అప్‌డేట్ లేదు. పాత గేమ్ ఒకటి పట్టుకొచ్చా. ఎంత పాతదంటే, ఇది వింటున్న మీలో చాలామంది పుట్టకముందుది. నేనూ పుట్టకముందుదే.

సూపర్ మారియో కార్ట్. 1992 ఆగస్టులో జపాన్‌లో వచ్చింది, సూపర్ ఫామికామ్ అనే కన్సోల్ మీద. అప్పట్లోనే 87 లక్షల కాపీలు దాటి అమ్ముడుపోయింది. సరే, హిట్ గేమ్స్ చాలా ఉంటాయి, పోతాయి. ఇది పోలేదు. ఇదే వరసలో వచ్చిన మారియో కార్ట్ 8 డీలక్స్ 2017లో రిలీజై 6 కోట్లు దాటింది. 2025 జూన్‌లో నింటెండో తన కొత్త కన్సోల్ స్విచ్ 2ని ఏ గేమ్‌తో లాంచ్ చేసింది? మారియో కార్ట్ వరల్డ్‌తో. మొదటి గేమ్‌లో 8 మంది పరిగెత్తేవాళ్ళు, ఇందులో 24 మంది. ఆట మాత్రం అదే.

ఎందుకు అదే? ఇది నాకు చాలా రోజులు అర్థం కాలేదు. యూట్యూబ్‌లో ఎవర్ని అడిగినా "నోస్టాల్జియా బ్రో" అంటారు. నాకు ఈ గేమ్‌తో నోస్టాల్జియా ఎక్కడిది? మా ఊరు భద్రాచలం దాటాక దుమ్ముగూడెం మండలంలో, పర్ణశాల పోయే దారిలో. ఒకపక్క గోదావరి, ఇంకోపక్క అడవి. ఎండాకాలం వస్తే తునికాకు సీజన్, ఊళ్ళో సగం మంది ఆకు కోతకే పోతారు. నింటెండో పెట్టె మా ఊరి దాకా ఎప్పుడు రావాలి? నాకు నోస్టాల్జియా లేకుండానే ఈ ఆట నచ్చింది. 2024 సంక్రాంతికి, మా ఇంట్లో. ఆ కథ చెప్తా, కానీ కొంచెం వెనక్కి పోయి మొదలుపెట్టాలి.

కార్ట్ రేస్ అంటే ఏంటో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. చిన్న బండి, చిన్న ట్రాక్. దారిలో ప్రశ్న గుర్తున్న డబ్బాలు ఉంటాయి, గుద్దితే ఏదో ఒక ఐటమ్ వస్తుంది. అరటితొక్క వస్తే వెనక వేస్తావ్, వెనకోడు జారిపడతాడు. తాబేలు చిప్ప వస్తే ముందోణ్ణి కొడతావ్. పుట్టగొడుగు వస్తే స్పీడు. రేసే, కానీ సగం రేసు, సగం కొట్లాట.

ఇప్పుడు మా చిన్నప్పటికి పోదాం. మా ఇంట్లో టీవీకి తగిలించే వీడియో గేమ్ డబ్బా ఉండేది. మీ అన్నలకి, బాబాయిలకి తెలిసే ఉంటుంది. శ్రీరామనవమి కల్యాణానికి భద్రాచలం పోయి, తిరిగొచ్చేటప్పుడు నేను రోడ్డు మీద కూర్చుని ఏడిస్తే మా నాన్న కొనిచ్చాడు. పసుపు రంగు క్యాసెట్, దాని మీద 99999 గేమ్స్ అని రాసి ఉంటుంది. లోపల ఉన్నవి ఇరవయ్యో ముప్ఫయ్యో, అవే తిరిగి తిరిగి వస్తాయి. కాంట్రా, ట్యాంకులు, మారియో, బాతుల్ని కొట్టేది. రేసింగ్ అంటే రోడ్ ఫైటర్. 1984లో కొనామి ఆర్కేడ్ మిషన్ల కోసం చేసిన గేమ్ అది, మరుసటి ఏడు ఇంటి పెట్టెకి వచ్చింది. అక్కణ్ణుంచి ఏ దారుల్లో తిరిగి మా డబ్బాలో దూరిందో ఆ రాముడికే తెలియాలి. ఎర్ర కారు, పైనుంచి కనపడుద్ది. పెట్రోల్ అయిపోతా ఉంటుంది. లారీకి గుద్దితే కారు పేలిపోద్ది.

నాకూ మా తమ్ముడికీ ఆ గేమ్ మీద జరిగినన్ని గొడవలు ఇంక దేని మీదా జరగలేదు. రూల్ ఏంటంటే, చచ్చిపోతే రిమోట్ ఇచ్చెయ్యాలి. కంట్రోలర్‌ని మేం రిమోట్ అనేవాళ్ళం. నేను వాడికంటే నాలుగేళ్ళు పెద్ద. నేను చావను. వాడు పక్కన కూర్చుని పావుగంట, ఇరవై నిమిషాలు నా ఆట చూస్తా ఉండాలి. వాడి చాన్స్ వచ్చినాక అర నిమిషంలో లారీకి గుద్దేస్తాడు. మళ్ళీ రిమోట్ నాకు. ఒకరోజు వాడు లేచిపోయి కరెంటు వైరు పీకేశాడు. నేను కొట్టాను. మా అమ్మ ఇద్దర్నీ కొట్టింది. (నవ్వు)

అప్పుడు తట్టలేదుగానీ ఇప్పుడు చూస్తే, ఆ డబ్బాలో ఇద్దరం కలిసి ఆడే గేమ్స్ ఉన్నాయి. కాంట్రాలో ఇద్దరం కలిసి కాల్చొచ్చు. ట్యాంకుల్లో ఇద్దరం కలిసి గద్దని కాపాడొచ్చు. కానీ ఇద్దరం పక్కపక్కన పందెం వేసుకునే రేసింగ్ గేమ్ మాత్రం ఒక్కటీ లేదు. రోడ్ ఫైటర్ ఒక్కడిదే. బైక్ రేసు, అంటే ఎక్సైట్‌బైక్, అదీ ఒక్కడిదే. పందెం అంటేనే ఇద్దరు ఉండాలి కదా? మా డబ్బాలో పందెం అంటే ఒకడు తోలటం, ఇంకొకడు కూర్చుని చూడటం.

ఆ డబ్బా ఇప్పుడు లేదు. 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకి వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకి ఇస్తారు, మీరే లెక్కేసుకోండి. మేం పునరావాస కేంద్రం నుంచి తిరిగొచ్చేసరికి ఇంట్లో అంతా బురద. అటక మీదున్న సామాను కూడా తడిసిపోయింది. ఆ డబ్బాని బురదలోంచి తీసి, కడిగి, ఎండలో పెట్టింది మా తమ్ముడే. పని చెయ్యలేదు. పారేశాం.

సరే, జపాన్‌కి పోదాం. ఇక్కడ ఒక చిన్న చరిత్ర ఉంది, నాకు చాలా ఇష్టమైనది.

1990లో నింటెండో ఎఫ్-జీరో అని ఒక రేసింగ్ గేమ్ తెచ్చింది. గాల్లో తేలే బండ్లు, భయంకరమైన స్పీడు. కానీ అది కూడా ఒక్కడు ఆడేదే. మారియోని పుట్టించిన షిగెరు మియామోటో పేరు మీకు తెలుసు. ఆయన టీమ్‌కి ఒక ఆలోచన వచ్చింది. ఇట్లాంటి గేమ్‌ని ఇద్దరు ఒకేసారి ఆడేటట్టు చెయ్యగలమా అని. తదాషి సుగియామా, హిదేకి కొన్నో అనే ఇద్దరు డైరెక్టర్లు ఆ పనిలో కూర్చున్నారు.

చిక్కు ఎక్కడంటే, ఇద్దరు ఆడాలంటే టీవీ తెరని రెండు ముక్కలు చెయ్యాలి. పైన ఒకడు, కింద ఒకడు. అంటే మిషన్ రెండు రోడ్లని ఒకేసారి గీయాలి. ఆ రోజుల్లో కన్సోల్‌కి ఆ శక్తి లేదు. లెక్కలు వెయ్యటానికి క్యాసెట్‌లోపలే ఇంకో చిప్ పెట్టారు. అది పెట్టినా ఎఫ్-జీరో లాగా పొడవాటి తిన్నటి రోడ్లు కుదరలేదు. అందుకని ట్రాక్‌ని మడిచి, చిన్న చోట్లో వంపులు తిప్పారు. వంపుల ట్రాక్ మీద ఎఫ్-జీరో బండి ఏం పరిగెత్తుద్ది? చిన్న బండి కావాలి. అట్లా కార్ట్ వచ్చింది.

ఇంకో విషయం తెలుసా? మొదట్లో ఆ కార్ట్‌లో మారియో లేనే లేడు. ఎవరో ఓవరాల్స్ వేసుకున్న ఒక మామూలు మనిషి. మూడు నాలుగు నెలలు పని జరిగినాక, మారియోని కూర్చోబెట్టి చూద్దాం ఎట్లా ఉంటుందో అని పెట్టారు. బాగుంది. ఉంచేశారు.

చూడండి, మనం ఏమనుకుంటాం? మారియో ఉన్నాడు కాబట్టి ఆ గేమ్ నిలబడింది అనుకుంటాం. ముందు వచ్చింది మారియో కాదు. ముందు వచ్చింది ఇద్దరు మనుషులు. ఇద్దరు ఒకే టీవీ ముందు కూర్చోవాలి, అదే మొదటి పాయింట్. చిన్న ట్రాకు, చిన్న బండి, మారియో, అన్నీ ఆ తర్వాత దాని వెనక వచ్చినవే. ఆ గేమ్‌లో మీరు ఒక్కరే ఆడినా తెర రెండు ముక్కలుగానే ఉంటుంది, తెలుసా? కింది ముక్కలో మ్యాప్ చూపిస్తుంది. మీ పక్కన ఒక సీటు ఖాళీగా ఉంచినట్టు.

ఇప్పుడు అసలు మెలిక. ఇద్దరు కూర్చున్నారు, ఒకడు బాగా ఆడతాడు, ఇంకొకడికి రాదు. మా ఇంట్లో లాగ. అప్పుడేంటి? ఐటమ్ డబ్బా గుద్దితే ఏది వస్తుందో అది లాటరీ కాదు. మీరు ఏ స్థానంలో ఉన్నారో చూసి ఇస్తుంది. ఫస్ట్‌లో ఉన్నారా, అరటితొక్క తీసుకోండి. ఆఖర్న ఉన్నారా, మెరుపు తీసుకోండి, అది వేస్తే ముందున్న వాళ్ళందరూ ఎలకపిల్లలంత అయిపోతారు. 1996లో మారియో కార్ట్ 64 వచ్చింది, తెరని నాలుగు ముక్కలు చేసింది, అందులోనే నీలం చిప్ప పుట్టింది. అది దారిలో ఎవర్నీ వదిలినా వదలకపోయినా ఫస్ట్‌లో ఉన్నోణ్ణి మాత్రం వెతుక్కుంటూ పోయి కొడుతుంది. 2005లో డీఎస్ గేమ్‌లో బుల్లెట్ బిల్ వచ్చింది. బాగా వెనకబడినోడు కాసేపు తూటా అయిపోయి, స్టీరింగ్ ముట్టుకోకుండా అందర్నీ దాటుకుంటూ పోతాడు.

ఇది న్యాయమా? ఈ ప్రశ్న పక్కన పెట్టుకోండి. మా తమ్ముడు వస్తాడు దీని మీద పోట్లాడటానికి.

ఇప్పుడు మా నాన్న గురించి చెప్పాలి. ఇది చెప్పొచ్చా అని ఆయన్ని అడిగే చెప్తున్నా. "చెప్పుకోరా, నా బండి ఫస్ట్ వచ్చిందని కూడా చెప్పు" అన్నాడు. రాలేదు. (నవ్వు)

మా నాన్న లారీ డ్రైవర్. మా వైపు జామాయిల్ తోటలు మీరు చూసే ఉంటారు, రోడ్డు పక్కన తిన్నగా సన్నగా నిలబడి ఉంటాయి. ఆ కట్టె అంతా సారపాక పేపర్ మిల్లుకి పోతుంది. మా నాన్న ఇరవై ఏళ్ళ పైన ఆ లోడు తోలాడు. జగదల్‌పూర్ నుంచి చింతూరు, భద్రాచలం మీదుగా విజయవాడ వైపు పోయే ఎన్‌హెచ్ 30లో మా వైపు ముక్క ఆయనకి గుంట గుంటా తెలుసు. చింతూరు నుంచి మారేడుమిల్లి ఘాట్ రోడ్డు కూడా తోలాడు. ఇరవై ఏళ్ళలో ఒక్క యాక్సిడెంట్ లేదు, అదే ఆయన గొప్ప.

2023 వానాకాలంలో ఆయనకి పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు. కాలు కొంత వచ్చింది, కర్ర పట్టుకుని నడుస్తాడు. చెయ్యి రాలేదు. ఇంక లారీ లేదు. దానికంటే మాకు భయమేసింది ఏంటంటే, మాట్లాడటం మానేశాడు. మాట పోలేదు, మాట్లాడగలడు. మాట్లాడడు. పొద్దున లేచి అరుగు మీద కూర్చుంటాడు. రోడ్డు మీద లారీ పోతే దాని చప్పుడు పోయేదాకా తల తిప్పి చూస్తాడు. అంతే. అన్నం తిన్నావా నాన్నా అంటే ఊ. మందు వేసుకున్నావా అంటే ఊ.

ఆ సంక్రాంతికి మా మేనమామ కొడుకు, మా బావ, డల్లాస్ నుంచి వచ్చాడు. స్విచ్ తెచ్చాడు, రిమోట్లు ఇంకో జత కూడా తెచ్చాడు. మారియో కార్ట్ 8 డీలక్స్. పండగ రోజు రాత్రి మా టీవీకి తగిలించాడు. నేను, తమ్ముడు, బావ ఆడుతున్నాం. నలుగురు ఆడొచ్చు, ఒక రిమోట్ ఖాళీగా ఉంది. మా బావకి మొహమాటం తక్కువ. మంచం మీద కూర్చున్న నాన్న దగ్గరికి పోయి, "మామయ్యా, పట్టు" అని కుడిచేతిలో పెట్టేశాడు.

నాకు కోపం వచ్చింది. నిజంగా చెప్తున్నా. ఒక చెయ్యి లేని మనిషికి రెండు చేతుల ఆట ఇస్తావేంది అని. కానీ ఆ గేమ్‌లో సెట్టింగ్స్ ఉన్నాయి. యాక్సిలరేటర్ దానంతట అదే నొక్కుకునేటట్టు పెట్టొచ్చు. రిమోట్‌ని అటూ ఇటూ వంచితే బండి తిరిగేటట్టు పెట్టొచ్చు. అంటే ఒక చేత్తో, స్టీరింగ్ తిప్పినట్టు. మా బావ రెండు నొక్కులు నొక్కి ఇచ్చేశాడు.

బండి ఎంచుకోమంటే నాన్న అన్నిట్లోకి పెద్దదాన్ని, బౌజర్‌ని చూపించాడు. ఆ కొమ్ముల తాబేలు. "మామయ్యా, అది బరువు, తొందరగా స్పీడు అందుకోదు, చిన్నది తీసుకో" అని బావ అన్నాడు. నాన్న తల అడ్డంగా ఊపాడు. ఇది 1992 నుంచీ ఉన్న లెక్క. బరువైనోడు ఎత్తుకోవటం నిదానం, ఎత్తుకున్నాక టాప్ స్పీడు ఎక్కువ, తేలికైనోళ్ళు తగిలితే వాళ్ళే పక్కకి పోతారు. లోడు లారీ లెక్క అదే. ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మొదటి రేసులో ఆయన బండి వెనకాల ఒక చిన్న తీగ లాంటిది మినుకుమంటా ఉంది. మూడు బండ్లకి లేదు, ఈయన దానికే ఉంది. సగం రేసులో నాన్న ఆట ఆపి, "నా బండికి ఆ తీగ ఏందిరా?" అన్నాడు. ఐదు నెలల తర్వాత ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది.

బావ చెప్పాడు. అది స్మార్ట్ స్టీరింగ్. రోడ్డు దిగిపోకుండా గేమే బండిని లాగి పట్టుకుంటుంది. చిన్నపిల్లలకి, కొత్తవాళ్ళకి ఉంటుంది. ఆ తీగ దాని గుర్తు.

"తీసెయ్ దాన్ని" అన్నాడు నాన్న.

తీసేశాం. ఇంకేముంది, వంపు వంపుకీ గడ్డిలోకి పోయాడు. పన్నెండు బండ్లలో పన్నెండో స్థానం. నేను పక్కనుంచి చూస్తా ఉన్నా, ఇప్పుడు రిమోట్ పడేస్తాడు, ఇప్పుడు పడేస్తాడు అని. అప్పుడు డబ్బా గుద్దాడు, బుల్లెట్ బిల్ వచ్చింది. కానీ ఐటమ్ నొక్కే బటన్ రిమోట్‌కి ఎడమ పక్కన ఉంటుంది. ఆ చెయ్యి రాదు. ఐటమ్ తెర మీద మెరుస్తా ఉంది, ఆయన వేళ్ళు అందట్లేదు. నేను లేవబోయా. నాకంటే ముందు మా అమ్మ వచ్చి ఆయన ఎడమపక్కన కూర్చుంది. రిమోట్ ఎడమ కొస మీద బొటనవేలు పెట్టింది. "ఏమయ్యా, ఎప్పుడు నొక్కాలో చెప్పు" అంది.

"నొక్కు" అన్నాడు.

తూటా అయిపోయి ముగ్గుర్నో నలుగుర్నో దాటేశాడు. అందులో మా తమ్ముడు ఒకడు.

తర్వాత నాకు తెలిసింది ఏంటంటే, 2003లో వచ్చిన మారియో కార్ట్ డబుల్ డ్యాష్‌లో ఆటే ఇట్లా ఉంటుందట. ఒక బండిలో ఇద్దరు, ఒకడు తోలతాడు, వెనక నిలబడ్డోడు ఐటమ్స్ వేస్తాడు, రెండు రిమోట్లతో ఇద్దరు మనుషులు ఒకే బండిని నడపొచ్చు. మా అమ్మకి ఆ సంగతి తెలీదు. ఆమె సొంతంగా కనిపెట్టింది.

ఇప్పుడు మా తమ్ముడు. వాడు బీజీఎంఐలో గట్టి ప్లేయర్. ఫోన్ పట్టుకుంటే మనిషి వేరే. రెండో రేసులో వాడు మూడు ల్యాపులు ఫస్ట్‌లో ఉండి, ఇంకో రెండు వంపులుంటే గెలుస్తాడనగా నీలం చిప్ప వచ్చి నెత్తిన పడింది. ఆరో స్థానానికి పోయాడు. లేచి నిలబడ్డాడు. "ఇదేం గేమ్ బావా? బాగా ఆడినోణ్ణి కొడుతుంది, రానోణ్ణి ఎత్తుకెళ్తుంది. స్కిల్‌కి విలువెక్కడుంది?" అన్నాడు.

వాడి మాటని నేను కొట్టిపారెయ్యను. చాలామంది గట్టి ప్లేయర్లు ఇదే అంటారు. కానీ స్కిల్ కావాలనుకునేవాళ్ళకి ఆ గేమ్‌లోనే చోటుంది. టైమ్ ట్రయల్ అని ఉంటుంది. డబ్బాలు లేవు, చిప్పలు లేవు, నువ్వూ గడియారం అంతే. 1992 గేమ్ మీద యూరప్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ పెట్టుకుంటున్నారు, 2002లో మొదలైంది. అదే 20 ట్రాకులు, అవే వంపులు, సెకనులో వందో వంతు కోసం ఏళ్ళకి ఏళ్ళు కొట్టుకుంటున్నారు. కాబట్టి నైపుణ్యం లేని గేమ్ అంటే నేను ఒప్పుకోను.

ఆ రాత్రి నేను వాడికి ఇవేవీ చెప్పలేదు. నాకు అప్పుడు తెలీదు కూడా. నేను అన్నది ఒకటే. "రోడ్ ఫైటర్ గుర్తుందారా? నేను ఆడుతుంటే నువ్వు ఇరవై నిమిషాలు కూర్చునేవాడివి."

వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత కూర్చున్నాడు. "నువ్వు అప్పుడు ఒక్కసారైనా కావాలని చచ్చిపోలేదన్నా" అన్నాడు.

నిజమే. ఒక్కసారి కూడా చావలేదు. వాడికి పాతికేళ్ళు దగ్గరకొస్తున్నాయి, ఇంకా గుర్తుపెట్టుకున్నాడు. నాకు ఏం చెప్పాలో తోచలేదు. అందుకే అనిపించింది, నాలాంటి అన్నలు ఉంటారని తెలిసే ఆ జపాన్ వాళ్ళు గేమ్‌లోనే ఆ పని పెట్టేశారేమో అని. ఇది నా ఊహ.

అప్పుడు బావ టోడ్స్ టర్న్‌పైక్ అనే ట్రాక్ పెట్టాడు. 1996 గేమ్‌లోది, దీంట్లో మళ్ళీ కొత్తగా చేసి పెట్టారు. రాత్రిపూట హైవే. రోడ్డు నిండా కార్లు, లారీలు. వాటి మధ్యలోంచి దూరిపోవాలి. నేను తమ్ముడి వైపు చూశా, వాడు నా వైపు చూశాడు. ఇద్దరికీ అదే గుర్తొచ్చింది. ఎర్ర కారు.

ఆ ట్రాక్ మీద మా నాన్న మాట్లాడటం మొదలుపెట్టాడు. ఎవరితోనో కాదు, తెరతో. "ఆ లారీవాడు పక్కకి జరుగుద్దాడు చూడు. ఆ, జరిగాడా. లోడు బండి వెనక అంత దగ్గరగా పోకూడదురా, బ్రేక్ వేస్తే ఏం చేస్తావ్. నొక్కు, నొక్కు." అమ్మ నొక్కింది. అరటితొక్క ముందుకి పోయి పడింది. దాని మీద వీళ్ళే పోయి జారిపడ్డారు. మా అమ్మ నవ్వటం, ఆయన తిట్టటం, ఆమె ఇంకా నవ్వటం. తొమ్మిదో స్థానం. ఆ రాత్రి పదకొండున్నర దాకా ఆడాం. పడుకునేముందు మారేడుమిల్లి ఘాట్‌లో ఒకసారి పొగమంచులో ముందు బండి ఎర్ర లైటు చూసుకుంటూ మొత్తం ఘాట్ దిగిన సంగతి చెప్పాడు. మేం ఎవరం ఎప్పుడూ వినలేదు అది.

ఒకమాట స్పష్టంగా చెప్తా. ఆట వల్ల చెయ్యి బాగైందని నేను అనట్లేదు. బాగవ్వలేదు. ఫిజియోథెరపీ చేయిస్తున్నాం, డాక్టర్ చెప్పిన మందులు వేసుకుంటున్నాడు. మీ ఇంట్లో ఎవరికైనా ఇట్లా అయితే ముందు ఆస్పత్రికి పరిగెత్తండి, ఆలస్యం చెయ్యకండి. మేం కొంత ఆలస్యం చేశాం. దాని గురించి ఇంకెప్పుడైనా.

బావ వారంలో వెళ్ళిపోయాడు, స్విచ్ కూడా ఆయనతో పోయింది. ఉంచిపోతానన్నాడుగానీ అది వాళ్ళ పిల్లలది, ఎట్లా ఉంచుకుంటాం? కొందామా అంటే, మన దగ్గర నింటెండో వాళ్ళ అసలు దుకాణాలు లేవు, బయట రేటు చూస్తే గుండె ఆగిపోద్ది. పైగా మారియో కార్ట్ 8 అంటే గేమ్ ఒక్కటే వేలల్లో ఉంటుంది.

అప్పుడు ఫోన్ మీద పడ్డా. మారియో కార్ట్ టూర్ అని నింటెండో వాళ్ళే 2019లో ఫోన్‌కి ఒకటి తెచ్చారు. ఒక వేలితో ఆడొచ్చు. ఒక చేత్తో ఆడేవాళ్ళకి అది నిజంగా సుఖం. ఆన్‌లైన్‌లో పందెం వెయ్యొచ్చు. చూడటానికి బాగుంది. కానీ నాన్న రెండు రోజులు చూసి పక్కన పెట్టేశాడు. ఆయన తెర ఆయన చేతిలో, నా తెర నా చేతిలో. అమ్మ నొక్కేది ఏముంది అందులో? ఎవరు ఎవర్ని దాటారో పక్కనోడికి కనపడదు. మేం మళ్ళీ నలుగురం నాలుగు మూలల్లో కూర్చున్నాం.

మీ అందరి చేతిలో ఫోన్ ఉంది కాబట్టి ఇది మీకు పనికొస్తుంది, వినండి. బీచ్ బగ్గీ రేసింగ్ అని ఉంది, 2014లో వచ్చింది, వెక్టర్ యూనిట్ అనే చిన్న స్టూడియో చేసింది. మీలో చాలామంది ఫోన్‌లో ఆడే ఉంటారు. మారియో కార్ట్ చూసి చేసిందే, దాచిపెట్టేదేం లేదు. దానికి ఆండ్రాయిడ్ టీవీ మీద తెరని ముక్కలు చేసి ఆడే పద్ధతి ఉంది, నలుగురి దాకా. బ్లూటూత్ గేమ్‌ప్యాడ్‌లు కావాలి. మేం తక్కువ రేటువి రెండు కొన్నాం. మారియో కార్ట్ అంత నున్నగా ఉండదు, నేను అబద్ధం చెప్పను. బండి బరువు తేడా అంతగా తెలీదు, నాన్న అదే తిడతాడు. కానీ ఒక టీవీ, ఒక మంచం, పక్కపక్కన ఇద్దరు. దానికి ఇది చాలు.

గేమ్‌ప్యాడ్‌ని వంచితే తిరగదు, బొటనవేలితో తిప్పాలి. కుడి చేత్తో ఎడమ పక్క కర్రని తిప్పటం నాన్నకి రాలేదు. కాబట్టి ఇప్పుడు మారింది. గేమ్‌ప్యాడ్‌ని అమ్మా నాన్నా మధ్యలో దిండు మీద పెట్టుకుంటారు. అమ్మ తోలుతుంది. నాన్న నొక్కుతాడు, తోలటం ఎట్లాగో చెప్తాడు. ఇరవై ఏళ్ళు క్లీనర్లకి ఎట్లా చెప్పాడో అట్లాగే, అరుస్తా. అమ్మ వినదు. ఎడమకి అంటే కుడికి పోతుంది. జీవితంలో సైకిల్ కూడా తొక్కని మనిషి, మొన్న ఆదివారం మా తమ్ముణ్ణి ఓడించింది.

వాడు ఇంకా ఒప్పుకోవట్లేదు. చివర్లో ఆమెకి వచ్చిన ఐటమ్ వల్ల గెలిచిందంట. ఈ ఆదివారం మళ్ళీ పెట్టుకున్నారు, నేను ఊరికి పోతున్నా. ఎవరు గెలిచారో వచ్చే ఎపిసోడ్ మొదట్లో చెప్తా. ఉంటా మరి.